తలుపు దగ్గర పోపుల పెట్టె

చారు పోపులో ఇంగువ వేశాను. ఏమీ తెలియలేదు. గరిటె ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చూశాను. ఆవాలు చిటపటమంటున్నాయి, కరివేపాకు నూనెలో ముడుచుకుపోతోంది, పొగకు కళ్ళు మండుతున్నాయి, వాసన మాత్రం లేదు. కెనడాలోని ఈ మిల్టన్‌లో మావి గోడకు గోడ ఆనుకుని కట్టిన ఇళ్ళు. నేను ఇంగువ వేస్తే పక్కింటావిడ కిటికీ మూసుకుంటుంది. అలాంటిది పొయ్యి ముందు నిలబడ్డ నాకే తెలియలేదంటే జలుబు గట్టిగానే పట్టిందన్నమాట.

అందరికీ జలుబంటే ఒక వారం చిరాకు. నాకు అలా కుదరదు. పన్నెండేళ్ళుగా కీళ్ళవాతంతో కాపురం చేస్తున్నాను. రెండు వారాలకోసారి పొట్ట మీద ఇంజెక్షన్ నేనే పొడుచుకుంటాను. ఆ మందు కీళ్ళను కాపాడుతుంది, బదులుగా ఒంట్లో రోగాలతో పోట్లాడే శక్తిని తగ్గించేస్తుంది. జలుబు చేస్తే ఇంజెక్షన్ ఆపాలి. ఆపితే నాలుగో రోజుకల్లా వేళ్ళు వాచి, పచ్చడి సీసా మూత తియ్యడానికి కూడా మనిషి సాయం కావాలి. ఆపకపోతే జలుబు ఛాతీలోకి దిగుతుందేమోనని భయం. క్లినిక్ నర్సుకు ఫోన్ చేస్తే ఇంజెక్షన్ వాయిదా వెయ్యమంది, రోజుకు మూడుసార్లు జ్వరం చూసుకుని రాసిపెట్టుకోమంది. రాస్తున్నాను. నా రాత చూస్తే పలక పట్టిన మొదటి రోజు పిల్ల రాసినట్టుంది.

ఈ జలుబు ఎక్కడిదో నాకు తెలుసు. పోయిన ఆదివారం ఒక స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. వస్తూనే తుమ్మింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "అయ్యో, జలుబు కాదండీ, ఎలర్జీ. ఇంట్లో హీటింగ్ మొదలైతే నాకు ఏటా ఇంతే," అంటూ నవ్వి, పులిహోర గిన్నె చేతిలో పెట్టి, దగ్గరికి తీసుకుంది. ఇవాళ నా పరిస్థితి ఇది. మా అమ్మాయి వాటర్లూ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, వై డిడ్ యూ లెట్ హర్ ఇన్?" అని నన్ను కోప్పడింది. నేను ఆ స్నేహితురాలిని తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఓ ఐదు నిమిషాలు బాగానే సాగింది. తర్వాత నోరు మూతబడింది. ఆవిడను తిట్టే అర్హత ఈ భూమ్మీద ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు.

నాకు పదేళ్ళప్పుడు మేము వాటర్లూలో ఉండేవాళ్ళం. ఇప్పుడక్కడ బస్సెక్కితే నాలుగు సీట్లకొక తెలుగు మాట వినిపిస్తుంది. అప్పుడు మొత్తం ఊరికి కలిపి అరడజను తెలుగు కుటుంబాలు ఉండేవేమో. నాన్న యూనివర్సిటీలో చదువుకుంటూ పాఠాలు చెప్పేవాడు. అమ్మ కుట్టు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేది. మాది అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు. మూడో అంతస్తులో ఇంకొక తెలుగు జంట ఉండేవారు. ఆయన నాన్న పనిచేసే చోటే పనిచేసేవాడు. పిల్లలు లేరు. మొదటిరోజు నేను ఆవిడను ఆంటీ అన్నాను. "ఆంటీ అంటే నేను పలకను. ఎవరో దొరసానిని పిలిచినట్టుంటుంది. అత్తయ్యా అను, వెంటనే పలుకుతాను," అంది. ఆనాటి నుంచి ఆవిడ అత్తయ్య, ఆయన మావయ్య.

అత్తయ్యకు మూత్రపిండాలు పాడైతే వాళ్ళ అన్నయ్య ఒకటి ఇచ్చాడు. ఆపరేషన్ అయి అప్పటికి ఆరు నెలలు. పరాయి మనిషి అవయవాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా రోజూ గుప్పెడు మాత్రలు మింగేది. ఆ మాత్రలకు ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. అద్దం చూసుకుని విసుక్కునేది. నాకు మాత్రం ఆ ముఖం ఎంతో ముద్దుగా ఉండేది, బుగ్గలు పుణకాలనిపించేది. ఆవిడకు జలుబు చెయ్యకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారట. అందుకని ఆ ఇంటి తలుపు దాటాలంటే పరీక్ష పాసవ్వాలి.

ఆ పరీక్ష మావయ్య కనిపెట్టాడు. ఇంట్లో రెండు పోపుల పెట్టెలుంటే ఒకటి గుమ్మం దగ్గరికి తెచ్చేశాడు. దాని గిన్నెల్లో జీలకర్ర, ధనియాలు, సోంపు, వాము, మెంతులు, మిరియాలు, యాలకులు పోసి పెట్టాడు. ఎవరొచ్చినా వరండాలోనే నిలబెట్టి, కళ్ళు మూసుకోమనేవాడు. ఒక గిన్నె తీసి, వాసన పైకి లేవాలని ఒకసారి కుదిపి, ముక్కు కింద పెట్టి, "ఏమిటిది?" అని అడిగేవాడు. మూడింటికి మూడూ చెబితే లోపలికి. తప్పితే, "ఇంకో వారం పోయాక రండి, ఏమనుకోకండి," అని దండం పెట్టి పంపేసేవాడు. ఇంగువ ఎందుకు పెట్టలేదని నాన్న అడిగితే, "ఇంగువ ముక్కు లేనివాడికి కూడా తెలుస్తుందండీ, పరీక్షకు పనికిరాదు," అన్నాడు.

ఒకసారి టొరాంటో నుంచి ఒక పెద్దాయన వాళ్ళను చూడటానికి వచ్చాడు. గుమ్మంలో పరీక్ష అనేసరికి ఆయన మొహం కందగడ్డ అయింది. "ఇంత మంచులో గంటన్నర బండి నడుపుకుంటూ వస్తే నన్ను నిలబెట్టి వాసన చూడమంటావా? నేనేం పోలీసు కుక్కననుకున్నావా?" అని వచ్చినదారినే వెళ్ళిపోయాడు. లోపల నుంచి అత్తయ్య పకపకా నవ్వడం మా ఐదో అంతస్తు దాకా వినిపించిందని అమ్మ చెప్పేది. నెమ్మది మీద ఆ ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చివరికి నేనూ అమ్మా నాన్నా మిగిలాం.

అన్నట్టు, పరీక్ష మావయ్యకు కూడా ఉండేది. సాయంత్రం పనినుంచి రాగానే కోటు విప్పకముందే, తలుపు సందులోంచి పెట్టె బయటికి తీసుకుని, తన గుమ్మం ముందు తానే కళ్ళు మూసుకుని నిలబడేవాడు. తడుముకుంటూ గిన్నె తీసి వాసన చూసి, పేరు పైకి చెప్పి, కళ్ళు తెరిచి సరిచూసుకునేవాడు. ఆ అంతస్తులోని తెల్లవాళ్ళు ఆయన ఏదో పూజ చేస్తున్నాడని అనుకునేవారు. గౌరవంగా తప్పుకుని నడిచేవారు.

బడి వదలగానే నేను తిన్నగా మూడో అంతస్తుకే వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం క్లాసులు లేని రోజుల్లో మావయ్య ఇంట్లోనే ఉండి పరీక్ష పెట్టేవాడు, ఆయన లేనప్పుడు అత్తయ్యే తలుపు సందులోంచి చెయ్యి చాపి గిన్నె పట్టుకునేది. లోపలికి వెళితే వేడి. దిబ్బరొట్టె మాడిన అంచు వాసన, పెరుగు తోడుపెట్టిన గిన్నె చుట్టూ చుట్టిన పాత దుప్పటి, కుక్కర్ మూతమీద ఆరబెట్టిన నా మేజోళ్ళు. ఆవిడ నాకు తెలుగు రాయడం నేర్పింది. ఇవాళ నేనిలా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. ఒత్తులు తప్పు రాస్తే చెవి మెలిపెట్టేది, సరిగ్గా రాస్తే రొట్టె అంచు పెట్టేది. రాయడం అయ్యాక తల దువ్వుతూ కథ చెప్పేది. ఆ కథలో ఒక రాణి ఉండేది, ఆవిడకు ప్రతి ఊళ్ళోనూ ఒక దొంగ చుట్టం ఉండేవాడు. అది ఎప్పటికీ అయిపోయేది కాదు.

ఒకసారి నేను పరీక్ష తప్పాను. తొమ్మిది రోజులు లోపలికి రానివ్వలేదు. మెడలో తాళం చెవి వేసుకుని ఐదో అంతస్తులో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నాలుగున్నరకే చీకటి. గోడలోని గొట్టాలు ఎవరో లోపలినుంచి కొడుతున్నట్టు టకటకమనేవి. అమ్మ వచ్చేదాకా కోటు విప్పకుండా, బూట్లు తియ్యకుండా తలుపు పక్కనే కూర్చునేదాన్ని, ఏదైనా వస్తే పారిపోవచ్చని. అత్తయ్యకు జాలేసి మూడో అంతస్తుకు రమ్మంది. నేను వరండాలో తలుపుకు వీపు ఆనించి కూర్చుంటే ఆవిడ లోపల కూర్చుని తలుపు సందులోంచి కథ చెప్పేది. సగం వినపడేది కాదు. దారిన పోయేవాళ్ళు తలుపుతో మాట్లాడుతున్న నన్ను వింతగా చూసేవారు. నాకు సిగ్గేసేది, ఏడుపొచ్చేది. ఇంకెప్పుడూ పరీక్ష తప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ముక్కుతో పనిలేని దారి ఒకటి నాకు అప్పటికే తెలుసు, పరీక్ష తప్పిన రోజు దాన్ని వాడాలని తోచలేదు, అంతే. మావయ్య గిన్నె కుదిపినప్పుడు చప్పుడవుతుంది. ధనియాలు దొర్లుతాయి. మెంతులు గులకరాళ్ళలా గలగలమంటాయి. వాము ఇసకలా సరసరమంటుంది. మిరియాలు గంతులేస్తాయి. యాలకులు తేలిగ్గా డొల్లగా మోగుతాయి. జీలకర్రకూ సోంపుకూ తేడా మాత్రం కష్టం, కాస్త బరువుగా జారితే సోంపు. ఇదంతా సరదాకి నేర్చుకున్నాను. పరీక్ష పెడుతుంటే వాసన పీల్చకుండానే చెప్పి, నాలో నేనే నవ్వుకునేదాన్ని.

జనవరిలో ఒక సోమవారం పొద్దున లేచేసరికి నా ముక్కు దిబ్బడ వేసింది. అమ్మకు చెప్పలేదు. బడిలో రోజంతా చొక్కా చేతికి లోపలివైపు ముక్కు తుడుచుకున్నాను. మధ్యాహ్నం మూడో అంతస్తు గుమ్మం ముందు కళ్ళు మూసుకుని నిలబడితే మావయ్య మొదటి గిన్నె కుదిపాడు.

"ధనియాలు," అన్నాను.

రెండోది కుదిపాడు. "మెంతులు."

మూడోది కుదిపేసరికి నా గుండె చప్పుడుకు ఏమీ వినపడలేదు. "ఇంకోసారి, మావయ్యా," అన్నాను. పాపం ఆయన ఇంకాస్త గట్టిగా కుదిపి ఇంకాస్త దగ్గరగా పెట్టాడు. బరువుగా జారింది. "సోంపు," అన్నాను.

"శభాష్! మన ఊళ్ళో ఉంటే నిన్ను కిరాణా కొట్లో కూర్చోబెట్టేవాడిని," అని తలమీద తట్టి లోపలికి పంపాడు. ఆ మెచ్చుకోలుకు నేను సంతోషించాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోతుంది.

అత్తయ్య నా మొహం చూసి, "గొంతేవిటే అలా ఉంది?" అని అడిగింది. "బడిలో గట్టిగా అరిచాను," అన్నాను. ఆవిడ నమ్మింది. ఆ రోజు పెరుగన్నం తనే కలిపి, దబ్బకాయ ఊరగాయ ముక్క అద్దుతూ ముద్దలు పెట్టింది. మామూలుగా పెట్టదు, ఎవరి కంచం వాళ్ళదే ఆ ఇంట్లో. పరీక్ష పాసయ్యాను కదా అని ఆ పూటకు నియమం సడలించింది. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద తనకు. నాకు పెట్టిన వేళ్ళతోనే తనూ తింది. వద్దు అత్తయ్యా అని ఒక్క మాట అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. ఆవిడ ఇంకో ముద్ద పెట్టేసింది.

మంగళవారం కూడా వెళ్ళాను. బుధవారం అమ్మ నా జలుబు కనిపెట్టి ఇంట్లోనే ఉంచేసింది. ఎప్పటినుంచే అని అడిగితే ఇవాళ్టినుంచే అన్నాను. శుక్రవారానికి అత్తయ్యకు ముక్కు కారడం మొదలైంది. మావయ్యకూ మొదలైంది. ఆదివారం ఆవిడకు జ్వరం వస్తే హాస్పిటల్లో చేర్చుకున్నారు.

ఒక సాయంత్రం మావయ్య హాస్పిటల్ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఉప్మా పెడితే ముట్టుకోలేదు. నేను పక్కగదిలో లెక్కలు చేస్తున్నట్టు కూర్చున్నాను.

"నేనే తెచ్చానండీ," అన్నాడు నాన్నతో. "గురువారం సాయంత్రం గుమ్మం దగ్గర చూసుకుంటే జీలకర్రో సోంపో తేల్చుకోలేకపోయాను. ఇంకోసారి చూసుకోవాల్సింది. ఆకలి దంచేస్తోంది, లోపల ఆవిడ పప్పు పోపు పెడుతున్న చప్పుడు. ఏమవుతుందిలే అని వచ్చేశాను. ఆ ఒక్కరోజు వరండాలో నిలబడలేకపోయాను."

"అలా అనుకోకండి. జలుబు ఎక్కడినుంచైనా వస్తుంది. మీ తప్పేం లేదు," అన్నాడు నాన్న.

ఆయన గురువారం నాటికి నేను రెండు మధ్యాహ్నాలు ఆ ఇంట్లో తుమ్ములు మింగుకుంటూ కూర్చుని వచ్చాను. ఆయన ముక్కు మూసుకుపోయిందీ నావల్లనే. పదేళ్ళ పిల్లకు కూడా ఆ లెక్క తెలిసింది. లేచి వెళ్ళి చెప్పేస్తే నాన్న కొడతాడని కాదు, ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. మావయ్య నావైపు చూస్తాడని భయపడ్డాను. అంతే. పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

జలుబు అత్తయ్య ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆవిడ ఆరు వారాలు హాస్పిటల్లో ఉంది. పిల్లల్ని రానివ్వరని నన్ను తీసుకెళ్ళలేదు. నేను ఒత్తులన్నీ సరిగ్గా పెట్టి ఉత్తరాలు రాసి ఇస్తే మావయ్య చదివి వినిపించేవాడట. ఏ ఉత్తరంలోనూ అసలు సంగతి రాయలేదు. రాద్దామని మొదలుపెట్టిన కాగితాలు చింపి టాయిలెట్లో పడేశాను. మార్చిలో మంచు కరిగి రోడ్లన్నీ బురద అయిన రోజుల్లో ఆవిడ పోయింది. నన్ను బడినుంచి తీసుకురావడానికి అమ్మ పని మానేసి వచ్చింది. గేటు దగ్గర అమ్మను చూడగానే నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత చూసిన ఒక దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఏప్రిల్లో లిఫ్టు పాడైతే మెట్లెక్కి వస్తున్నాను. మూడో అంతస్తు తలుపు అద్దంలోంచి మావయ్య కనిపించాడు. కోటు వేసుకుని, తన గుమ్మం ముందు కళ్ళు మూసుకుని, చేతిలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు చెప్పాడు. కళ్ళు తెరిచి చూసుకున్నాడు. ఇంకోటి తీశాడు. లోపల ఎవరూ లేరు. ఎవరికోసం చూసుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు, ఆ గురువారం కోసమని అర్థమయ్యాక ఇంకా భయమేసింది. వేసవి చివర్లో ఆయన టొరాంటో వైపు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయేవరకూ నేను ఆ మెట్లు ఎక్కలేదు.

నాకు పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఈ రోగం వచ్చింది. మొదటి ఇంజెక్షన్ వేసుకునే ముందు నర్సు జాగ్రత్తలన్నీ చెప్పింది. జలుబున్న వాళ్ళను దగ్గరికి రానివ్వకండి అంది. నేను ఎందుకంత ఏడ్చానో ఆవిడకు తెలియదు, సూదికి భయపడ్డాననుకుని ధైర్యం చెప్పింది. ఆ రాత నాకు పడటంలో న్యాయం ఉందని కొన్నాళ్ళు నిజంగానే నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఒళ్ళు నొప్పులు ఎక్కువైన రోజు మళ్ళీ కాస్త నమ్ముతాను.

ఇంజెక్షన్లు మొదలైన ఆ సంవత్సరమే మావయ్య రిచ్‌మండ్ హిల్‌లో ఒంటరిగా ఉంటున్నాడని తెలిసి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. కారులో దారి పొడవునా ఆ మాటలు పైకి అనుకుంటూ వెళ్ళాను. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు ఆయన. ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా లేవు, చేతులు వణుకుతున్నా టీ తనే పెట్టాడు. తలుపు దగ్గర ఏ పరీక్షా పెట్టలేదు. నా చేతివేళ్ళు చూసి ఏమైందని అడిగాడు. రోగం సంగతి, ఇంజెక్షన్ సంగతి చెప్పాను.

"జాగ్రత్తమ్మా," అన్నాడు. "బయటివాళ్ళ గురించి భయపడతాం గానీ ఇంట్లోవాళ్ళే తెస్తారు. మీ అత్తయ్యకు నేను తేలేదూ?"

"మీరు కాదు మావయ్యా," అన్నాను. ఆయనకు వినపడలేదేమోనని గట్టిగా మళ్ళీ అన్నాను. "మీరు తేలేదు. నాకు తెలుసు."

ఆయన నవ్వి నా చెయ్యి తట్టాడు, వాచిన వేళ్ళు నొప్పెట్టకుండా ఎంతో నెమ్మదిగా. "అందరూ అలాగే అన్నారమ్మా. మీ నాన్నగారూ అలాగే అన్నారు. ఆ మంచితనానికి నేను ఎంత రుణపడ్డానో."

ఇంకొక్క మాట మిగిలింది. నేను తెచ్చాను అనాలి, అంతే. ఊపిరి తీసుకున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పార్కింగులో ఎవరో మంచు గీకుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఒక్కటే తృప్తి నాకు," అన్నాడు. "అప్పటికి మనుషులందరూ మా ఇంటికి రావడం మానేశారు, నా పరీక్ష పుణ్యమా అని. ఆవిడ ఇంట్లో ఉన్న ఆ చివరి వారం కూడా నువ్వు వచ్చావు. హాస్పిటల్లో మాట పడిపోయేదాకా అదే చెప్పుకునేది, పిల్లకు నా చేత్తో ముద్దలు పెట్టానండీ అని. నువ్వు వచ్చావు కదూ?"

"వచ్చాను మావయ్యా," అన్నాను.